దుబాయ్‌లో ఉన్న నాన్న, జైలుకెళ్ళిన ఓ. హెన్రీ

ఈసారి ఉత్తరం కోస్తాలోని ఒక చిన్న టౌన్ నుంచి వచ్చింది. పేరు, ఊరు రాయొద్దన్నారు, రాయను. ఆమె భర్త ఒక సహకార సొసైటీలో క్యాషియర్. ఆన్‌లైన్ బెట్టింగ్‌లో పోగొట్టుకున్నది పూడ్చడానికి సొసైటీ డబ్బు తీశాడు, నెల తిరిగేలోగా పెట్టేద్దాం అనుకున్నాడు, ఈలోగా ఆడిట్ వచ్చింది. కేసు నడిచి శిక్ష పడింది, ఇప్పుడు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. డబ్బు తీసిన మాట నిజమేనని భార్య దగ్గర ఒప్పుకున్నాడు. ఎనిమిదో తరగతి చదివే కూతురికి మాత్రం నాన్న దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పారు. వారానికోసారి జైలు నుంచి వచ్చే ఫోన్ దుబాయ్ ఫోన్ అయింది. పుట్టినరోజుకి మేనమామ కొన్న వాచీ నాన్న పంపించిన వాచీ అయింది.

ఇంతవరకు ఎలాగో నడిచింది. ఈమధ్య స్కూల్లో అమెరికన్ కథకుడు ఓ. హెన్రీ రాసిన 'ద లాస్ట్ లీఫ్' పాఠం చెప్పి, రచయిత జీవితం మీద ప్రాజెక్టు చేసుకురమ్మన్నారట. ఆ పిల్ల ఫోన్‌లో వెతికి, ఆయన బ్యాంకు డబ్బు కేసులో జైలుకెళ్ళాడని చదివి, వంటింట్లోకి వచ్చి అడిగింది: "అమ్మా, జైలుకెళ్ళినవాడి కథ మాకు పాఠం ఎందుకు పెట్టారు?" ఆమె దగ్గర జవాబు లేదు, చేతిలో గరిటె అలాగే ఉండిపోయిందని రాశారు. "పిల్ల పెళ్ళయ్యేదాకా ఈ మాట బయటికి రాకూడదు" అని అత్తగారు, "ఇవాళే చెప్పెయ్, ఎన్నాళ్ళు దాస్తావ్" అని అన్నయ్య. మధ్యలో ఈమె. "మీరు కథల గురించి, రాసినవాళ్ళ గురించి చెబుతుంటారు కదా, అందుకే మీకు రాస్తున్నాను. ప్రాజెక్టులో జైలు సంగతి రాయనివ్వాలా? దానికి ఏం చెప్పాలి? మావారి సంగతి ఏం చెయ్యాలి?" ఇదీ ప్రశ్న.

చూడండమ్మా, ముందు చిన్న ప్రశ్న తేల్చేద్దాం. ప్రాజెక్టులో రాయనివ్వండి, పూర్తిగా రాయనివ్వండి. అది తీసేస్తే ఆయన జీవితంలో మిగిలేది తక్కువే.

ఆయన అసలు పేరు విలియం సిడ్నీ పోర్టర్. 1862లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో పుట్టాడు, బాబాయి మందుల షాపులో పని నేర్చుకుని పందొమ్మిదేళ్ళకే ఫార్మసిస్ట్ లైసెన్సు తెచ్చుకున్నాడు, తర్వాత టెక్సస్ చేరాడు. ఆస్టిన్‌లో అథోల్ ఎస్టెస్‌ని ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడు. 1891 నుంచి 1894 దాకా అక్కడి ఫస్ట్ నేషనల్ బ్యాంకులో టెల్లర్, అంటే కౌంటర్‌లో డబ్బు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం, మీవారు చేసిన పని లాంటిదే. లెక్కల్లో తేడా వచ్చింది, ఉద్యోగం పోయింది, తర్వాత కేసు పడింది. మామగారు బెయిల్ కట్టి విడిపించారు. 1896 జూలైలో కోర్టుకి వెళ్ళాల్సినవాడు దారిలో రైలు మారి న్యూ ఆర్లీన్స్‌కి, అక్కడినుంచి హోండురస్‌కి పారిపోయాడు. భార్యకి క్షయ ముదిరిందని తెలిసి 1897 మొదట్లో తిరిగొచ్చి లొంగిపోయాడు. ఆమె ఆ జూలైలో పోయింది. 1898లో ఐదేళ్ళ శిక్ష పడింది, కేసులో చివరికి నిలబడ్డ మొత్తం 854 డాలర్ల చిల్లర. అంతే. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ జైలు.

అక్కడ ఫార్మసిస్ట్ చదువు ఆయన్ని కాపాడింది. గదిలో కుక్కకుండా జైలు ఆసుపత్రిలో రాత్రిపూట మందులిచ్చే పని ఇచ్చారు, ఆ పని మధ్యలోనే కథలు రాశాడు. న్యూ ఆర్లీన్స్‌లోని ఒక స్నేహితుడి ద్వారా అవి పత్రికలకి వెళ్ళేవి, రాసినవాడు ఖైదీ అని ఎడిటర్లకి తెలియకుండా. 1899 డిసెంబర్‌లో మెక్‌క్లూర్స్ పత్రికలో 'ఓ. హెన్రీ' పేరుతో ఒక కథ వచ్చినప్పుడు ఆయన కటకటాల వెనకే ఉన్నాడు. కాబట్టి మీ అమ్మాయి ప్రశ్నకి ఒక నిజమైన జవాబు ఉంది: ఆ జైలు లేకపోతే ఆ రచయిత ఆ రకంగా తయారయ్యేవాడు కాడు. పెట్టెల తాళాలు తీసే దొంగ మారి మంచివాడయ్యే కథ, చలికాలం గడపడానికి జైలే నయమనుకుని అరెస్టవడానికి నానా తిప్పలు పడే సోపీ కథ, ఇవన్నీ లోపలి మనుషులని దగ్గరగా చూసినవాడు రాసినవి. వీటిలో వెక్కిరింత ఉంది, అసహ్యం మాత్రం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది చదవగానే మీకు ఒక ఆలోచన వచ్చే ఉంటుంది, "గొప్పవాళ్ళు కూడా జైలుకెళ్ళారు తల్లీ" అని మొదలుపెట్టి మెల్లగా మీవారి సంగతిలోకి దిగొచ్చు అని. ఆ దారి వద్దు. ఓ. హెన్రీ నిజంగా డబ్బు తీశాడా అన్నది ఇప్పటికీ తేలని వాదన, ఆ బ్యాంకులో లెక్కలు చాలా వదులుగా ఉండేవని, ఇంకొకరి తప్పు ఆయన మీద పడిందని నమ్మేవాళ్ళున్నారు. మీ ఇంట్లో ఆ అనుమానానికి చోటు లేదు, మీవారే ఒప్పుకున్నారు. ఒక రచయిత పేరు అడ్డం పెట్టుకుని మీ ఇంటి తప్పుని గొప్ప చేస్తే, పదమూడేళ్ళ పిల్ల దాన్ని ఇట్టే పట్టేస్తుంది, ఆ తర్వాత మీరు చెప్పే అసలు నిజం కూడా సగమే నమ్ముతుంది.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. మొదట్లో "దుబాయ్ నుంచి అందరి నాన్నలూ వీడియో కాల్ చేస్తారు, మా నాన్న ఎందుకు చెయ్యడు" అని రోజూ అడిగేదని, కొన్నాళ్ళుగా అడగడం మానేసిందని, మీకు ఊరట కలిగిందని రాశారు. నాకు మాత్రం అది చదివి టెన్షన్ పుట్టింది. పిల్లలు జవాబు దొరక్క అడగడం మానరు, విసుగెత్తేదాకా అడుగుతూనే ఉంటారు. జవాబు దొరికినప్పుడు, లేదా ఆ ప్రశ్న అమ్మని బాధపెడుతోందని అర్థమైనప్పుడు మానేస్తారు. ఫోన్ వచ్చేది ఎప్పుడూ ఒకే వేళకి, మాట్లాడేది ఎప్పుడూ అంతే సేపు, మధ్యలో టక్కున కట్. కోర్టు తీర్పులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటున్నాయి. నూట పాతికేళ్ళ కిందటి అమెరికా కేసుని అరగంటలో తవ్విన పిల్ల నాన్న పేరు కొట్టి చూడలేదని మీరెలా అనుకుంటున్నారు? నేను గట్టిగా చెప్పలేను గానీ, ఆ రోజు వంటింట్లో అడిగింది ఓ. హెన్రీ గురించి కాకపోయి ఉండొచ్చు. మీరు నోరు విప్పడానికి ఆ పిల్లే ఒక దారి తీసి నిలబడి ఉండొచ్చు.

సరే, మీ ముందున్న దారులు చూద్దాం. మొదటిది అత్తగారు చెప్పేది, ఇలాగే దాచడం. ఆవిడని తీసిపారెయ్యకండి. రేపు సంబంధాలు వెతికేటప్పుడు ఊళ్ళో నలుగురి నోళ్ళు ఎలా ఉంటాయో ఆవిడకి మనకంటే బాగా తెలుసు, ఆ భయంలో మనవరాలి మీద ప్రేమే ఉంది. కానీ ఇదే దారిలో వెళ్ళిన ఇల్లు ఒకటుంది, ఓ. హెన్రీ ఇల్లే.

ఆయనకి ఒక్కతే కూతురు, మార్గరెట్. తండ్రి జైలుకెళ్ళేనాటికి ఎనిమిదేళ్ళది, తల్లి అప్పటికే లేదు. అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగింది, నాన్న వ్యాపారం పని మీద దూరంగా ఉన్నాడని చెప్పారు. జైలు నుంచి ఆయన ఆ పిల్లకి ఉత్తరాలు రాశాడు, సరదా కబుర్లు, బొమ్మల పుస్తకాల్లో ఉండే బుల్లి దెయ్యం రాస్తున్నట్టు వేళాకోళాలు. ఎక్కడినుంచి రాస్తున్నాడో తప్ప అన్నీ ఉంటాయి వాటిలో. మంచి నడవడికకి శిక్ష తగ్గి 1901 జూలైలో బయటికొచ్చి పిట్స్‌బర్గ్‌లో కూతుర్ని కలిశాడు, అప్పటికి ఆమెకి పదకొండేళ్ళు. అప్పుడైనా చెప్పలేదు. మరుసటేడు న్యూయార్క్ వెళ్ళిపోయాడు, పిల్ల ఎక్కువగా అమ్మమ్మ వాళ్ళ దగ్గరే. న్యూయార్క్ వరల్డ్ పత్రికకి వారానికో కథ, దేశమంతా పేరు, అయినా ఇంటర్వ్యూలంటే తప్పించుకునేవాడు. విపరీతంగా తాగి 1910లో నలభై ఏడేళ్ళకే పోయాడు. తాగుడంతా ఆ రహస్యం వల్లే అని నేను అనను, ఎవరూ అనలేరు. 1916లో ఆయన చిన్ననాటి స్నేహితుడు ఆల్ఫాన్సో స్మిత్ జీవితచరిత్ర రాసినప్పుడు జైలు సంగతి దేశమంతా చదివింది. అప్పటికి మార్గరెట్‌కి ఇరవై ఆరో ఇరవై ఏడో. ఏ ప్రశ్న అడుగుదామన్నా తండ్రి లేడు.

దాచడంలో ఉన్న చిక్కు అదే. ఎన్నాళ్ళు దాచగలం అన్నది మీ చేతిలో ఉండదు, ఎవరు బయటపెడతారన్నది కూడా మీ చేతిలో ఉండదు. ఆ రోజుల్లో పద్దెనిమిదేళ్ళు ఆగింది. మీకు అంత గడువు లేదు. స్కూల్లో ఒక పిల్ల వాళ్ళమ్మ ఇంట్లో అన్న మాట విని వచ్చి క్లాసులో అంటే చాలు.

ఆ మచ్చ పిల్ల మీద పడుతుందంటారు అత్తగారు. ఈ విషయంలో ఇంకో అమెరికన్ కథకుడు, నథేనియల్ హాథోర్న్ గుర్తొస్తాడు. ఆయన ముత్తాత తండ్రి జాన్ హాథోర్న్ 1692లో సేలం ఊళ్ళో మంత్రగత్తెలని ముద్ర వేసి జనాన్ని విచారించిన న్యాయాధికారుల్లో ఒకడు. ఆ కేసుల్లో పందొమ్మిది మందిని ఉరితీశారు. నథేనియల్ పుట్టింది 1804లో, అంటే నూట పన్నెండేళ్ళ తర్వాత, అదే ఊళ్ళో. యువకుడిగా ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం కలుపుకున్నాడు, ఆ పెద్దమనిషికి దూరంగా జరగడానికేనని చాలామంది అంటారు. కానీ దాచుకోలేదు. 1850లో వచ్చిన నవల ముందుమాటలో ఆ పూర్వీకుల సిగ్గు నేను మోస్తున్నానని అచ్చులో రాశాడు. అంతకు ముందే 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్' కథలో ఊళ్ళో పెద్దలందరి లోపలి చీకటినీ బయటపెట్టాడు. చెప్పొచ్చేదేమిటంటే, తెలిసినవాడు ఆ మచ్చతో ఏదో ఒకటి చెయ్యగలడు. మీ అమ్మాయికి ఆ అవకాశం కూడా లేకుండా, తన గురించి ఊళ్ళో అందరికీ తెలిసిన విషయం తనకొక్కదానికే తెలియకుండా పెరగడం మచ్చకంటే తక్కువేం కాదు.

రెండోది అన్నయ్య చెప్పేది, ఇవాళే అంతా చెప్పెయ్యడం. దీని బలం దీనికుంది, రోజూ కొత్త అబద్ధం అల్లే పని తప్పుతుంది. కాకపోతే కోపంలోనో ఏడుపులోనో, రాత్రి పదకొండింటికి, బెట్టింగ్ యాప్‌లు, అప్పులవాళ్ళు, ఆడిట్, కోర్టు, అమ్మమ్మ నగలు అన్నీ కలిపి పిల్ల ఒళ్ళో కుమ్మరిస్తే అది చెప్పడం కాదు, మీ బరువు దింపుకోవడం. మీ ఉత్తరం చదివితే మీరు చాలా అలిసిపోయి ఉన్నారని తెలుస్తోంది, అందుకే ఈ ప్రమాదం మీకు ఎక్కువే.

ఇక్కడ జాక్ లండన్ అనే ఇంకో అమెరికన్ రచయిత మాట చెప్పాలి. ఆయన కూడా జైలు చూశాడు. 1893లో అమెరికాలో బ్యాంకులు కుప్పకూలి లక్షల మంది రోడ్డున పడ్డారు, మరుసటేడు పద్దెనిమిదేళ్ళ లండన్ దొంగచాటుగా రైళ్ళెక్కి దేశం తిరుగుతూ నయాగరా ఫాల్స్ దగ్గర తిరుగుబోతని అరెస్టయ్యాడు. ముప్ఫై రోజులు జైలు. దాన్ని 1907లో 'ద రోడ్' అనే పుస్తకంలో తనే విడమరిచి రాసుకున్నాడు, అప్పటికి ఆయనకి ఇద్దరు చిన్న కూతుళ్ళు. (నిజమే, ఊరికే తిరిగినందుకు పట్టుకోవడం వేరు, డబ్బు కేసు వేరు, ఆ సిగ్గు ఈ సిగ్గు ఒకటి కాదు.) కానీ అదే మనిషి జీవితంలో రెండో వైపు చూడండి. పెంచిన తండ్రి కన్నతండ్రి కాదని తెలిశాక, 1897లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, తన తండ్రి అయి ఉంటాడనుకున్న విలియం చేనీ అనే జ్యోతిష్కుడికి ఉత్తరం రాశాడు. నేను నీ తండ్రిని కాను అని జవాబొచ్చింది. ఇంట్లో కూర్చుని తెలుసుకోవాల్సిన సంగతి కోసం ఒక కుర్రాడు ముక్కూమొహం తెలియని మనిషి గుమ్మం తట్టాల్సి వచ్చింది. పిల్లలు వెతుకుతారమ్మా. వాళ్ళు వెతికి వెళ్ళిన చోట ఎవరుంటారు, వాళ్ళేం చెబుతారు అన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది.

మూడోది, నాకు మొగ్గు ఉన్నది, ఇక్కడే కాస్త ఓపికగా వినండి. నిజం మొదటి రోజే, వివరాలు మెల్లగా. మొదటి రోజు చెప్పాల్సినవి: నాన్న దుబాయ్‌లో లేడు, జైల్లో ఉన్నాడు, పనిచేసే చోట డబ్బు తీశాడు, అది తప్పు, తప్పని ఆయనకీ తెలుసు, నీ వల్ల ఏదీ జరగలేదు, నీతో అబద్ధం చెప్పింది నేను. ఈ చివరి మాట దాటెయ్యకండి. నాన్న మీద కోపం కంటే ముందు మీ మీద కోపం వస్తుంది, వాచీ తీసుకొచ్చి మీ ముందు పడేసినా పడేస్తుంది, ఆ కోపాన్ని రానివ్వండి. బెట్టింగ్ సంగతి, అప్పుల సంగతి అది అడిగినప్పుడు, అడిగినంత. ఒకవేళ "నాకు ముందే తెలుసు" అంటే "ఎవరు చెప్పారు" అని ఆరా మొదలుపెట్టకండి, అన్నాళ్ళు ఒక్కతే మోసిందన్న మాట.

ఇందులోనూ ఇబ్బంది ఉంది, లేదని చెప్పను. తెలిశాక ఆ పిల్ల కూడా అబద్ధంలో భాగస్వామి అవుతుంది, ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పాలి? "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకోకండి. "నాన్న ఊళ్ళో లేరు, ఇంటి విషయం, మాట్లాడాలని లేదు" అనే మాట ఒకటి ఇవ్వండి, అది అబద్ధం కాదు. మేనమామతో ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చని చెప్పండి, ఆయనకి అన్నీ తెలుసు కదా. అత్తగారికి మాత్రం ముందే చెప్పండి, అనుమతి కోసం కాదు, పిల్ల ముందు ఆవిడ మళ్ళీ దుబాయ్ కథ ఎత్తుకోకుండా ఉండడానికి.

మీవారిని కూడా ఇందులోకి తేవాలి. ఫోన్‌లో ఆ కొద్ది నిమిషాల్లో కుదరదు, ములాఖత్‌కి వెళ్ళినప్పుడు చెప్పండి, కూతురికి చేత్తో ఒక ఉత్తరం రాయమనండి. జోకులు కాదు, ఎక్కడినుంచి రాస్తున్నాడో మొదటి వాక్యంలోనే ఉండాలి. ఆయన ఒప్పుకోకపోవచ్చు, కూతురి దృష్టిలో చులకనైపోతానని ఏడవొచ్చు. అప్పుడు రెండు వారాలు ఆగండి, అంతకు మించి ఆగకండి, మీరే చెప్పండి. పిల్లని ములాఖత్‌కి తీసుకెళ్ళడం వేరే నిర్ణయం, అది అడిగితేనే. మొదటి వారమే లాక్కెళ్ళొద్దు.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదంటారా, ఆ పాఠమే చాలు. 'ద లాస్ట్ లీఫ్'లో ఏం జరుగుతుందో మీకు గుర్తుండే ఉంటుంది: న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో న్యుమోనియాతో పడుకున్న జాన్సీ, కిటికీలోంచి కనిపించే తీగ మీద చివరి ఆకు రాలిపోతే తానూ పోతాననుకుంటుంది. ఆ ఆకు రాలదు, ఎందుకంటే ముసలి చిత్రకారుడు బెర్మన్ వానలో రాత్రంతా నిలబడి గోడ మీద ఆకు బొమ్మ వేశాడు. అదొక అబద్ధం, ప్రేమతో ఆడిన అబద్ధం, పిల్ల ప్రాణం నిలబెట్టింది. అందరూ ఆకు దగ్గరే ఆగిపోతారు. చివరి పేరా మళ్ళీ చదవండి. జాన్సీ కోలుకున్నాక, స్నేహితురాలు స్యూ మంచం దగ్గరికొచ్చి, ఒక చెయ్యి జాన్సీ చుట్టూ వేసి, బెర్మన్ న్యుమోనియాతో పోయాడని, ఆ ఆకు ఆయన వేసిన బొమ్మ అని, మొత్తం చెప్పేస్తుంది. ఇంకెవరి నుంచో తెలిసేదాకా ఆగదు. ఆ కథ 1905లో అచ్చయింది, రాసినాయన తన కూతురికి మాత్రం చెప్పలేకపోయాడు, ఆయన్ని నేను తప్పుపట్టను, అది ఎంత కష్టమో మీకు నాకంటే బాగా తెలుసు. మీ దుబాయ్ మొదటి రోజుల్లో ఆ గోడ మీది ఆకే, పోలీసులు వచ్చిన ఆ నెలల్లో పిల్లని నిలబెట్టింది. ఆ పని అయిపోయింది. ప్రాజెక్టు రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని, మార్గరెట్ సంగతి కూడా చదవమని, "ఆ పిల్లకి చెప్పి ఉండాల్సిందంటావా?" అని అడగండి. ఏమంటుందో విని, అక్కణ్ణుంచి మీరు మాట్లాడండి. అదే రోజు అన్నీ కుదరకపోతే మరుసటి ఆదివారం, కానీ స్కూల్ పరీక్షల ముందు రాత్రి మాత్రం వద్దు.

ఒక్క పని మాత్రం ముందే చెయ్యండి. లాయర్‌కి ఫోన్ చేసి, రెమిషన్, అంటే మంచి నడవడికకి తగ్గే శిక్ష, పోగా ఇంకా ఎన్ని నెలలు ఉండొచ్చు, ఈలోగా పెరోల్ మీద కొన్నాళ్ళు ఇంటికి పంపమని అడగొచ్చా అని కనుక్కోండి. మీరు చెప్పడం అయిపోగానే ఆ పిల్ల అడిగేది ఓ. హెన్రీ గురించి కాదు, నాన్న ఎప్పుడొస్తాడని. దానికి నోటికొచ్చిన తేదీ చెప్పకండి, లాయర్ కూడా ఖచ్చితంగా చెప్పలేకపోతే ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పండి.